సున్నా చుట్టిన చెయ్యి

చెరుకుపల్లి నుంచి రేపల్లె వెళ్లే రోడ్డు పక్కన పూర్ణచంద్రరావుగారి రైస్‌మిల్లులో రావమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఆ మిల్లులో నోటి మాటకు విలువ లేదు. అక్కడి జనం చెడ్డవాళ్లని కాదు. మిల్లు తిరుగుతుంటే పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు, అంతే. అందుకని అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి బోర్లించి ఊపితే ధాన్యం పోత తగ్గించమని. మోచెయ్యి తడితే బెల్టు జారుతోందని. అయిదు వేళ్లూ మొగ్గలా కలిపి పైకెత్తి ఊపితే గోతం నిండింది, మూతి కట్టెయ్యమని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, దాన్ని గాలిలో అడ్డంగా లాగితే, తొట్టి ఖాళీ, ఇక్కడ ఇంక పనిలేదు, కట్టేసి పొమ్మని.

ఈ భాషలో రావమ్మను మించినవాళ్లు లేరు. ఆమె మొగుడు చిన్నయ్య కూడా అక్కడే బస్తాలు మోసేవాడు. పెళ్లయిన కొత్తలో ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ నిలబడి చేతులతో పోట్లాడుకుంటుంటే మిగతావాళ్లు పని మానేసి చూసేవాళ్లు. అత్తగారి ప్రస్తావన వచ్చిందంటే రావమ్మ తల మీద పెద్ద కొప్పు చుట్టి చూపించేది. చిన్నయ్య చెయ్యెత్తి దండం పెట్టేసేవాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి అతను ఇంటిపట్టునే ఉంటున్నాడు.

ఆ హోరులో బతికి బతికి రావమ్మ చెవులు సగం పోయాయి. బజార్లో, బస్సులో, చుట్టాలిళ్లలో అందరూ తనకు తెలియకుండా ఏదో గొణుక్కుంటున్నట్టే ఉంటుంది. నలుగురూ నవ్వితే ఎందుకో తెలియక తనూ నవ్వుతుంది. మిల్లు గుమ్మం దాటి లోపలికొస్తే మాత్రం ఆమె అంతటి మాటకారి లేదు. అందరూ చెవిటివాళ్లయ్యే చోట ఆమెకి లోటేముంది?

అటువంటి చోటికి ఒక మిషను వచ్చింది. గింజ గింజనీ ఫొటో తీసి, నల్లది కనపడితే గాలి కొట్టి పక్కకి తోసేస్తుందట. అంతకాలం చాటలు ముందేసుకుని పొట్టు ఊడని మెరిగలూ నల్లగింజలూ ఏరిన పదిమంది ఆడవాళ్లకీ పూర్ణచంద్రరావు మొహం చిన్నబుచ్చుకునే, ఇక పనిలేదన్న సంగతి చెప్పాడు. ఎనిమిదిమంది నిజాంపట్నం వైపు రొయ్యల షెడ్లకి పోయారు. ఇంకొకామె కూతురి దగ్గరికి వెళ్లింది. ఐసునీళ్లలో చేతులు పెట్టడానికి కీళ్లు ఒప్పుకోక రావమ్మ ఒక్కతే మిగిలింది.

"మిషను తోసేసిన గింజల్ని కనిపెట్టి చూడటానికి ఒక మనిషి కావాలమ్మా," అన్నాడు పూర్ణచంద్రరావు, గట్టిగా, ఆమె కుడిచెవి వైపు వంగి. "నాకు నిన్నే పెట్టాలనుంది. కానీ కంపెనీ వాళ్ల షరతు ఒకటుంది. బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన ఆయన పనికొస్తుంది అంటేనే. ఆయన కాదంటే గుంటూరు నుంచి చదువుకున్న కుర్రాణ్ణి పంపిస్తారు."

"ఆయన్ని నేను చూసుకుంటాలెండి బాబుగారూ," అంది రావమ్మ. అయిదో తరగతి దాకా చదువుకున్న ధైర్యం అది.

ఇటలీ ఆయన పేరు జెన్నారో. నలభై ఏళ్లుంటాయి. బట్టతల, బండ మీసం. ఆయన ముక్కలు ముక్కలుగా మాట్లాడే ఇంగ్లీషుని తెలుగు చెయ్యడానికి గోపీకృష్ణ అని వడ్లమూడిలో చదువుకున్న కంపెనీ ఇంజనీరు వెంట వచ్చాడు. రెండో రోజుకే గోపీకృష్ణ జ్వరం తగిలి గుంటూరు ఆస్పత్రిలో పడ్డాడు. ఫోనులో చెబితే ఫోనే తెలుగులోకి మార్చేస్తుందని ఎవరో చెప్పారు. తిరుగుతున్న మిల్లు మధ్య జెన్నారో ఫోనులోకి ఏదో అరిచాడు. "నా సముద్రంలో పెద్ద కుక్క ఉంది," అని చూపించింది ఫోను. పూర్ణచంద్రరావు ఒకసారి చుట్టూ చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

అప్పుడు ఆయన చూపు జెన్నారో చేతుల మీద పడింది. ఆ చేతులకి క్షణం తీరిక లేదు. ఎగురుతున్నాయి, తిరుగుతున్నాయి, వేళ్లు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి.

"రావమ్మా, ఇటురా. ఈయన మన మనిషేనే! నువ్వే మాట్లాడు."

రావమ్మకి ప్రాణం లేచొచ్చింది. కొంగు బిగించి మిషను పక్కన నిలబడింది. తోసేసిన గింజలు పడే గొట్టం కింద గోతం పట్టింది. జెన్నారో వచ్చి, గోతం వైపు చూసి, అయిదు వేళ్లూ మొగ్గలా కలిపి ఆమె ముందు పైకీ కిందకీ ఊపాడు.

గోతంలో రెండు దోసిళ్ల గింజలైనా పడలేదు. అయినా పెద్దాయన కట్టమంటున్నాడు. ఇటలీ పద్ధతి అలా ఉంటుంది కాబోలు అనుకుని, రావమ్మ దబ్బనం తీసి పురికొసతో మూతి కుట్టేసింది. ఇంకో గోతం పట్టింది. జెన్నారో కళ్లు పెద్దవి చేసి, మళ్లీ మొగ్గ చూపించాడు. మళ్లీ కుట్టింది. ఈసారి ఆయన రెండు చేతులతో రెండు మొగ్గలు పట్టి, ఆకాశం వైపు చూస్తూ ఊపాడు. రెండు గోతాలు కుట్టింది.

మధ్యాహ్నానికి పూర్ణచంద్రరావు వచ్చేసరికి గోడవారగా ఏడు గోతాలు, ఒక్కోదానిలో గుప్పెడు గింజలతో, మూతులు చక్కగా కుట్టి నిలబడి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇవి?"

"కట్టమన్నారండి. రెండు చేతులతో చెప్పారు."

"ఇంత గింజకి గోతమా?"

"నేనూ అదే అనుకున్నానండి. ఎంత చెబితే అంత చెయ్యాలి గదా అని."

పూర్ణచంద్రరావు జెన్నారో వైపు చూశాడు. జెన్నారో గోతాల వైపు చూసి, ఆయనకీ ఒక మొగ్గ చూపించాడు. అలవాటుకొద్దీ పూర్ణచంద్రరావు చెయ్యి కూడా దబ్బనం కోసం వెళ్లింది. ఆయనా ఆ మిల్లు దుమ్ములో పెరిగినవాడే మరి.

సాయంత్రం జెన్నారో సంచిలోంచి ఒక బిస్కెట్టు పొట్లం తీసి ఆమె ముందుకి చాపాడు. ఆ రంగుకాగితం ఎన్నడూ చూసింది కాదు. ఏంటది అన్నట్టు రావమ్మ గడ్డం పైకెత్తింది. ఆయన పొట్లం లోపల పెట్టేసుకున్నాడు. కాసేపాగి మళ్లీ చాపాడు. మళ్లీ గడ్డం ఎత్తింది. మళ్లీ పెట్టేసుకున్నాడు. మూడోసారీ అంతే.

"పిసినారి," అనుకుంది రావమ్మ. "పెట్టేవాడు పెట్టాలి గాని, ఊరించడం దేనికి?"

మూడోరోజు ఇంకా గందరగోళం. గడ్డంతో లాభం లేదని, ఏంటి అని అడగడానికి ఆమె అరచెయ్యి వెల్లకిలా పెట్టి, వేళ్లు విప్పి, మణికట్టు తిప్పింది. చెరుకుపల్లిలో పాలు తాగే బిడ్డక్కూడా తెలుసు ఆ గుర్తు. జెన్నారో గబగబా వెళ్లి పానా తెచ్చి మిషనుకున్న బోల్టులన్నీ తిప్పి చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. ఏది వదులుగా ఉందో చెప్పమన్నట్టు పానా ఆమె చేతికిచ్చాడు. రావమ్మ పానా పట్టుకుని నిలబడింది. దాన్ని ఏం చెయ్యాలో అడుగుదామంటే మళ్లీ మణికట్టే తిప్పాలి. తిప్పింది. ఆయన మళ్లీ మొదటి బోల్టు దగ్గరికి వెళ్లాడు.

ఆ రాకపోకలు చూస్తుంటే రావమ్మకి భయం పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో మిల్లులో ఒకరి చెయ్యి తనకు అర్థం కాకపోవడం ఇదే మొదలు. బయట బస్సులో ఎలా ఉంటుందో, లోపల కూడా ఇప్పుడు అలాగే ఉంది. చెవులు పోతే చేతులున్నాయనుకుంది. చేతులూ పోతే?

ఆ మర్నాడు ఆమె క్యారేజీ బరువుగా తెచ్చింది. రేపల్లె లాడ్జిలో తిండి పడక జెన్నారో మొహం పీక్కుపోయిందని చూసింది గదా. అన్నం, మజ్జిగ, లేత వంకాయల్లో కొత్తిమీర కారం పెట్టి వేయించిన కూర. కంచం పెట్టి వడ్డించింది. ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, చూపుడువేలు బుగ్గ మీద గుచ్చి, మర మేకు బిగించినట్టు తిప్పాడు.

"అయ్యో, పన్ను నొప్పి!" అంది రావమ్మ. పరుగున వెళ్లి గుమస్తా భార్య దగ్గర లవంగం అడిగి తెచ్చి, అదే వైపు పెట్టుకోమని తన బుగ్గ తట్టి చూపించింది. జెన్నారో లవంగాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె మొహం చూశాడు. మర్యాదగా నోట్లో వేసుకున్నాడు. రెండోసారి కూర వేయించుకున్నాడు. మళ్లీ బుగ్గ తిప్పాడు. రావమ్మ రెండో లవంగం ఇచ్చింది.

అప్పుడు ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, గాలిలో అడ్డంగా లాగాడు.

"అయిపోలేదు బాబూ, ఇంకా ఉంది," అని రావమ్మ గిన్నె వంచి చూపించింది. సగానికి సగం ఉంది కూర. ఆయన కంచం ముందుకి జరిపాడు. మూడోసారి వేసింది. సంగతి అంతటితో మర్చిపోయింది.

మిషను అసలు పరీక్ష శుక్రవారం పెట్టారు. బీపీటీ బియ్యం పోశారు. బాపట్లలో పుట్టిన వంగడం, ఈ నేల బిడ్డే. సన్నగా, ముట్టుకుంటే జారిపోయేలా ఉంటుంది. మిషను నల్లగింజలతోపాటు కాస్త పాలరంగు తిరిగిన మంచిగింజల్ని కూడా తోసేస్తోంది. జెన్నారో అద్దాల్లోకి చూస్తాడు, మీటలు నొక్కుతాడు, మొగ్గ చూపిస్తాడు.

రావమ్మ దబ్బనం తీయబోయి ఆగింది. ఆయన చెయ్యి చూడటం మానేసి, ఆయన కళ్లు ఎటు చూస్తున్నాయో చూసింది. గొట్టం కింద పడుతున్న గింజల వైపు. గోతం వైపు కాదు. కట్టమని కాదేమో, ఏంటిది అని అడుగుతున్నాడేమో.

ఒక దోసెడు తీసి చాటలో పోసింది. వేళ్లు నడిచాయి. రెప్పపాటులో నల్లవి ఒకపక్క, మెరిగలు ఒకపక్క, మంచివి ఒకపక్క. మంచి గింజల కుప్పే పెద్దది. చాట తీసుకెళ్లి ఆయన ముక్కు కింద పెట్టింది. జెన్నారో ఆ కుప్ప చూశాడు, ఆమె వేళ్లు చూశాడు. వెళ్లి మీట నొక్కాడు. మళ్లీ దోసెడు. కుప్ప చిన్నదయింది. మళ్లీ మీట. మళ్లీ దోసెడు. ఆ పూటంతా ఇద్దరూ ఒక్క గుర్తూ చూపించుకోలేదు. చాట వచ్చేది, చాట వెళ్లేది. నాలుగోసారి చాటలో నల్లవీ మెరిగలూ తప్ప మంచిగింజ ఒక్కటి కూడా మిగల్లేదు.

మెట్లెక్కి మిషను పైన నిలబడ్డ జెన్నారోకి అదే సమయానికి వాళ్ల దేశం నుంచి ఫోనొచ్చింది. చెవికి ఫోను నొక్కిపెట్టుకుని, కింద నిలబడ్డ పూర్ణచంద్రరావుని చూశాడు. కనుబొమతో రావమ్మను చూపించాడు. సున్నా చుట్టి, అడ్డంగా లాగాడు. అటునుంచి అటే ఫోను మాట్లాడుకుంటూ కారెక్కి లాడ్జికి వెళ్లిపోయాడు.

మిల్లులో అందరూ చూశారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తెలిసిన గుర్తే గదా!

మిల్లు ఆపాక పూర్ణచంద్రరావు వచ్చి, చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"చూశావుగా."

"చూశానండి."

"నేనేం చెయ్యనమ్మా. రేపు తెనాల్లో పదకొండున్నర బండికి ఆయన మద్రాసు వెళ్లిపోతున్నాడు. సోమవారం ఆ కుర్రాడు వస్తాడు."

రావమ్మ చాట గోడకి తగిలించి ఇంటికొచ్చింది.

చిన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దూరంనుంచే సున్నా చుట్టి లాగింది. చిన్నయ్య మొహం వాడిపోయింది.

"నిన్నా? ఎవడాడు? తెలుగు రానివాడికి నీ పనేం తెలుసే?"

"సున్నా చుట్టాడయ్యా. నా మీదే."

"అయితే అంతేనే. సున్నా అంటే సున్నాయే గదా."

ఆమె క్యారేజీ గిన్నెలు ముందేసుకుని తోముతోంది. కూరగిన్నె చేతిలోకి వచ్చింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇదిగో, నిన్నొకటి అడుగుతా. గిన్నెలో సగం కూర ఉందనుకో. ఖాళీ అని ఎవడన్నా అంటాడా?"

"ఎందుకంటాడు? కళ్లు లేవా?"

"మొన్న ఈయన అన్నాడు. సగం కూర ఉండగా సున్నా చుట్టి, మళ్లీ కంచం చాపాడు."

చిన్నయ్య చాలాసేపు ఆలోచించాడు. "పిచ్చోడేమోనే," అన్నాడు.

"అంత పెద్ద మిషను బిగించినవాడు పిచ్చోడెలా అవుతాడు? నువ్వు మరీను!"

"అయితే కూర బాలేదనేమో."

"బాగోకపోతే మూడోసారి తింటాడా? నువ్వు నా చారు బాగోకపోతే రెండోసారే పోయించుకోవు."

రావమ్మ గిన్నె కడిగి బోర్లించింది. మనసు మాత్రం తిన్నగా పడలేదు. ఒక వైపునుంచి చూస్తే సున్నా, ఇంకో వైపునుంచి చూస్తే కంచం. రెండూ ఒకే మనిషివి.

శనివారం తెల్లవారుతూనే పొయ్యి వెలిగించింది. మళ్లీ లేత వంకాయలు, మళ్లీ కొత్తిమీర కారం. తెనాలి బస్సులో కండక్టరు ఏదో అడిగితే క్యారేజీ ఎత్తి చూపించింది. ఆయన నవ్వి టిక్కెట్టు కొట్టాడు.

స్టేషనులో బెంచీ మీద జెన్నారో, పక్కన పూర్ణచంద్రరావు కూర్చుని ఉన్నారు. మాటలు లేక ఇద్దరూ పట్టాల వైపే చూస్తున్నారు.

"ఏంటి రావమ్మా, ఇక్కడికొచ్చావ్?"

"పరీక్ష పెడదామనండి."

"ఎవరికి?"

"ఆయనకండి. నాకు పెట్టారుగా!"

క్యారేజీ విప్పింది. కంచం పెట్టింది. జెన్నారో మొహం దీపం పెట్టినట్టయింది. ఒక్క ముద్ద తిన్నాడు. వేలు బుగ్గ మీద గుచ్చి తిప్పాడు.

"పాపం, పన్ను ఇంకా తగ్గలేదా?" అన్నాడు పూర్ణచంద్రరావు.

"అది పన్ను కాదేమోనండి. నొప్పి ఉన్నవాడు అంత తొందరగా నములుతాడా? మీరు చూస్తూ ఉండండి."

ఇంకో నాలుగు ముద్దలు దిగాయి. జెన్నారో కళ్లు సగం మూసుకుని, సున్నా చుట్టి, అడ్డంగా లాగాడు.

పూర్ణచంద్రరావు గిన్నెలోకి తొంగి చూశాడు. "నిండా ఉందే!"

"అదేనండి నేను అడిగేది. సున్నా పెట్టినవాడు మళ్లీ మళ్లీ కూర వేయించుకుంటాడా బాబుగారూ? అదుగో, కంచం చాపుతున్నాడు చూడండి."

పూర్ణచంద్రరావు కాసేపు కంచాన్నీ, కాసేపు గిన్నెనీ చూశాడు. ఆమె వైపు వేలు చూపి, చాట చెరిగినట్టు చేతులాడించి, తనే ఒక సున్నా చుట్టి, కనుబొమలు ఎగరేశాడు. జెన్నారో కంచం బెంచీ మీద పెట్టేసి లేచి నిలబడ్డాడు. కుడిచేత్తో ఒక సున్నా, ఎడంచేత్తో ఒక సున్నా, రెండూ రావమ్మ మీదనుంచి అటూ ఇటూ లాగాడు. వేళ్లకున్న కారం గాలిలో వాసనేసింది.

"రెండు సున్నాలు!" అన్నాడు పూర్ణచంద్రరావు. "ఒకటే అనుకుంటే."

"ఇప్పుడు ఆ పని మీరే చేస్తానని అడగండి. కాదనడానికి ఏం చూపిస్తాడో చూద్దాం."

మిల్లు యజమాని, అరవై ఏళ్ల మనిషి, తెనాలి స్టేషనులో నిలబడి, తన గుండె మీద వేలు పెట్టుకుని, గాలిలో బియ్యం ఏరి చూపించాడు. జెన్నారో నాలుక చప్పరించి, గడ్డం పైకెత్తాడు.

"ఏంటి అంటున్నాడమ్మా. అర్థం కాలేదు ఆయనకి."

రావమ్మ కళ్లముందు బిస్కెట్టు పొట్లం మెదిలింది. మూడుసార్లు చాపాడు. మూడుసార్లు తను గడ్డం ఎత్తింది. మూడుసార్లు లోపల పెట్టేసుకున్నాడు.

"అది ఏంటని కాదండి," అంది నెమ్మదిగా. "వద్దని."

"నన్నా?"

"మిమ్మల్నేనండి. వద్దంటే గడ్డం ఎత్తుతాడు, బాగుందంటే సున్నా చుడతాడు."

పూర్ణచంద్రరావు ముందు మొహం ముడిచాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏమీ తెలియకపోయినా జెన్నారో కూడా నవ్వాడు. నలుగురు నవ్వినప్పుడు తను ఎలా నవ్వుతుందో, అచ్చం అలాగే నవ్వుతున్నాడనిపించింది రావమ్మకి. కూర ఇంకొంచెం వేసింది.

"సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి," అన్నాడు పూర్ణచంద్రరావు ఆమె కుడిచెవి దగ్గర. "గుంటూరుకి నేను ఫోన్ చేస్తాలే."

బండి వచ్చింది. జెన్నారో ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. బండి కదిలాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి తన వైపు తిప్పుకుని, నాలుగు వేళ్లూ మడిచి విప్పి, మడిచి విప్పి చూపించాడు.

"రమ్మంటున్నాడండి!" అంటూ రావమ్మ క్యారేజీ పట్టుకుని బండి వెంట నడిచింది. ఏం మర్చిపోయాడో? ఆయన ఇంకా గట్టిగా పిలుస్తున్నాడు. ఆమె అడుగులు పెంచింది. "వెళ్లొస్తానని కాబోలమ్మా!" అని వెనకనుంచి పూర్ణచంద్రరావు అరుస్తున్నాడు, ఆమెకి వినపడటం లేదు.

ప్లాట్‌ఫారం చివర వచ్చేసింది. రావమ్మ ఆగిపోయి, రొప్పుతూ, ఏంటో తేల్చుకోవాలని, ఆయన లాగే అయిదు వేళ్లూ మొగ్గలా కలిపి పైకెత్తి ఊపింది. దూరమైపోతున్న కిటికీలోంచి జెన్నారో, ఈమె ఎందుకు పరుగెత్తుకొస్తోందో అర్థం కాక కాబోలు, అరచెయ్యి వెల్లకిలా పెట్టి, వేళ్లు విప్పి, మణికట్టు తిప్పాడు.